నిప్పురవ్వకు సంజాయిషీ

మా జిల్లాలో ఆలస్యం నిరుడు జూన్ ముప్పయ్యో తేదీ సాయంత్రం అయిదు గంటలకు పూర్తిగా నిర్మూలన అయింది. ఆ మేరకు సమయపాలన సంచాలకుల కార్యాలయం ఒక ప్రకటన విడుదల చేసింది. మొదట నమ్మనివాళ్ళు కొందరు ఉన్నారు గానీ, పద్ధతి తెలిశాక వాళ్ళూ ఒప్పుకున్నారు. ఏ పని ఏ రోజు పూర్తయితే ఆ రోజే దాని గడువు అని నిబంధన సవరించారు. ఆ తరవాత ఎంత వెతికినా ఆలస్యం దొరకలేదు.

ఆలస్యం లేకపోయాక ఆ కార్యాలయంలోని డెబ్భైమంది ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. మూడు వారాలు ఆలోచించి, సమయపాలనకు ఇంకొక శత్రువు ఉందని వాళ్ళు కనిపెట్టారు. వేళ దాటాక చేసేది ఎంత తప్పో, వేళ కాకముందే చేసేదీ అంతే తప్పు. 'ముందూ కాదు, వెనకా కాదు' అన్న నినాదం ప్రభుత్వ గోడలన్నిటి మీదికీ ఎక్కింది. మా హాస్టలు గోడ మీద రాయవలసిన పెయింటరు, తనకు వేరే ఊళ్ళో పనుండి, రెండు రోజులు ముందే వచ్చి రాసిపోయాడు. దాన్ని చెరిపించి, చెప్పిన తేదీనాడు మళ్ళీ రాయించారు. మిగిలిన తెల్లరంగు డబ్బా వంటింటి అటక మీద పెట్టారు. ఆ డబ్బా సంగతి మళ్ళీ వస్తుంది.

నేను చింతలవాగు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. బాలికల హాస్టలుకు తాగే నీళ్ళు కొండ కింద బావి నుంచి తోడాలి. బావి దగ్గరికి కరెంటు స్తంభాలు వచ్చి ఆరేళ్ళయింది. తీగలకు ఇంకా వేళ కాలేదు. అందుకని అక్కడ ఒక చిన్న పెట్రోలు ఇంజను ఉంది. తెల్లవారుజామున తాడు లాగి తిప్పితే ఆరింటికల్లా హాస్టలు మీది టాంకు నిండుతుంది. నూట నలభై మూడు మంది ఆడపిల్లలు ఆ నీళ్ళు తాగి చదువుకుంటున్నారు. నీళ్ళు లేని హాస్టలును మూసెయ్యాలని నియమం. నాలుగేళ్ళ కిందట ఒకసారి మూశారు. అప్పుడు ఇళ్ళకు వెళ్ళిన పదో తరగతి పిల్లలు ఇరవై ఎనిమిది మందిలో పరీక్ష రాయడానికి తిరిగి వచ్చినవాళ్ళు తొమ్మిది మంది. మిగతావాళ్ళు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకు గుచ్చే పనిలోకి పోయారు.

ఆ ఇంజను బాగోగులు చూసింది నా భార్య ఇందుమతి. మా బడిలోనే వృత్తివిద్య వర్క్‌షాపు ఆమెది. నిరుడు మేలో ఆమెకు జబ్బు బయటపడింది. పెద్దాస్పత్రికి పంపడానికి అనుమతి కావాలంటే దరఖాస్తు పెట్టాం. పదిహేను పనిదినాల్లో అనుమతి ఇవ్వాలని నియమం. పదిహేనో పనిదినాన ఇచ్చారు. ఆమె పదకొండో పనిదినాన పోయింది. ఉత్తరం కవరులో మూడు మడతలతో వచ్చింది. అందులో తప్పులేమీ లేవు.

తరవాత ఇంజను నాకు అప్పగించారు. అప్పగింత పత్రంలో ఇంజను ఒకటి, పానాలు ఏడు, ప్లగ్గులు రెండు, గోళ్ళరంగు సీసా ఒకటి అని ఉంది. అప్పగించినవారి సంతకం లేదని ఆ పత్రం నాకు రెండుసార్లు తిరిగి వచ్చింది. మూడోసారి ఎందుకో రాలేదు.

జనవరిలో జిల్లా సమయపాలనాధికారి యజ్ఞనారాయణ గారు మా ఇంజను తనిఖీకి వచ్చారు. తనిఖీ పదింటికి. ఆయన జీపు తొమ్మిదీ నలభైకే బావి దగ్గరికి చేరింది. ఆయన తలుపులు వేసుకుని లోపలే కూర్చున్నారు. మా హాస్టలు వంటమనిషి మస్తానమ్మ గ్లాసుతో మజ్జిగ తీసుకుపోయి అద్దం మీద తట్టింది. ఆయన చేతిగడియారం చూపించి తల అడ్డంగా ఊపారు.

"ఏంది సారూ, ఆయనకు ఒంట్లో బాగలేదా?" అని మస్తానమ్మ నన్ను అడిగింది.

"ఇంకా రాలేదు," అన్నాను.

"ఎదురుగ్గా కూచోని ఉంటే!"

"పదింటికి వస్తారు."

పదింటికి వచ్చారు. ఆయన చేతిలో తుపాకీ ఆకారంలో ఒక లైటు ఉంది. ఇంజను తిరుగుతుంటే, నిప్పురవ్వ పడిన ప్రతిసారీ ఆ లైటు ఒక్కసారి మెరుస్తుంది. ఆ మెరుపులో, గిర్రున తిరిగే చక్రం ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది. చక్రం మీద ఏ గీత, పక్కన ఇంజనుకు కదలకుండా బిగించిన ముల్లుకు ఎదురుగా నిలబడి కనిపిస్తే, నిప్పురవ్వ ఆ గీత దగ్గర పడుతున్నట్టు లెక్క. మా చక్రం మీద రెండు గీతలున్నాయి. తెల్లది పిస్టన్ పైకొసకు చేరే చోటు. ఎర్రది నిప్పురవ్వ పడే చోటు. ఆ ఎర్రది ఇందుమతి గోళ్ళరంగుతో పెట్టింది.

మస్తానమ్మ తాడు లాగింది. ఒక్క లాగుకే ఇంజను అందుకుంది. యజ్ఞనారాయణ గారు లైటు పట్టి చూశారు. ఎర్ర గీత ముల్లుకు ఎదురుగా కదలకుండా నిలబడింది. ఆయన ముఖం గంభీరంగా మారింది.

"మాస్టారూ, అంటే పిస్టన్ గమ్యస్థానం చేరకముందే నిప్పురవ్వ జారీ అవుతున్నదన్నమాట."

"అవును సార్. ఇరవై అయిదు డిగ్రీలు ముందే పడుతుంది. ఈ వేగం మీద సెకనులో వెయ్యో వంతు కంటే కొంచెం ఎక్కువ."

"మీరు ఒప్పుకుంటున్నారు."

"అలా పడాలి సార్. నిప్పు అంటుకోవడానికి కొంత సమయం పడుతుంది. నిప్పురవ్వ పడగానే లోపలున్న పెట్రోలు ఆవిరంతా ఒక్కసారే మండదు. మంట ఈ మూల నుంచి ఆ మూలకు పాకాలి. ముందు మొదలైతేనే, పిస్టన్ కిందికి దిగే వేళకు తోపు అందుతుంది. పిస్టన్ చేరాక మొదలుపెడితే, తోపు వచ్చేసరికి పిస్టన్ సగం దిగిపోయి ఉంటుంది."

"నిప్పుకు సమయం పడుతుందని ఏ ఉత్తర్వులో ఉంది?"

"ఉత్తర్వు లేదు సార్. అది నిప్పు గుణం."

ఆయన రాసుకున్నారు. తరవాత చక్రం పక్కన రెండు మరలతో బిగించి ఉన్న అగ్గిపెట్టెంత నల్లటి పెట్టెను చూపించారు. "ఇదేమిటి?"

"మాడ్యూల్ సార్. చక్రంలో అయస్కాంతం ఉంది. అది దీని ముందు నుంచి పోయినప్పుడల్లా ఇందులో కరెంటు పుడుతుంది. దాన్ని ఎప్పుడు ప్లగ్గులోకి వదలాలో ఈ పెట్టే చూసుకుంటుంది. ఇంజను వేగం పెరిగితే నిప్పురవ్వను ఇంకాస్త ముందు వదులుతుంది. తగ్గితే కాస్త తరవాత."

"ఎవరు చెబితే?"

"ఎవరూ చెప్పరు. వేగాన్ని బట్టి తనే..."

"తనే!" అన్నారు యజ్ఞనారాయణ గారు. "జిల్లా స్థాయిలో నాకే లేని విచక్షణాధికారం అగ్గిపెట్టెంత దానికి దఖలు పరిచారా?"

"అది ఆడమనిషి లాంటిది లెండయ్యా," అంది మస్తానమ్మ. "మీబోటోళ్ళు అడక్కముందే అన్నీ చేసిపెడతా ఉంటది."

ఆయన ఆ మాటను కూడా రాసుకున్నారు.

వారానికి నోటీసు వచ్చింది. 'సదరు ఇంజను నిమిషమునకు మూడు వేల పర్యాయముల చొప్పున, దినమునకు తొంబది నిమిషముల పాటు, ముందస్తు చర్యకు పాల్పడుచున్నట్లు రుజువైనది. అనగా దినమునకు రెండు లక్షల డెబ్బది వేల ఉల్లంఘనలు. ఒక దినమునకు సంబంధించిన ఉల్లంఘనలకు సంరక్షకులైన మీ సంజాయిషీని ఇందుమూలముగా కోరడమైనది.' నేను ఒక పేజీలో సంజాయిషీ రాసి పంపాను. తిరిగి వచ్చింది. ఒక్కొక్క ఉల్లంఘనకు ఒక్కొక్క సంజాయిషీ, రెండేసి ప్రతులలో ఉండాలట. అయిదు లక్షల నలభై వేల కాగితాలు పెట్టడానికి వాళ్ళ గదిలో చోటు ఎక్కడుందో తెలియజేయవలసిందిగా నేను వినయంగా రాశాను. దాని మీద ఒక ఉపసంఘం కూర్చుంది. గది కొలిచారు. చివరకు, ప్రత్యేక సందర్భంగా పరిగణించి, సామూహిక సంజాయిషీని అనుమతించారు.

ఈలోగా యజ్ఞనారాయణ గారి దృష్టి వంటింటి మీద పడింది. మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకు. ఆయన పదిన్నరకు వచ్చి చూస్తే పొయ్యి మండుతోంది.

"ఏమ్మా, భోజనం ఎన్నింటికి?"

"పన్నెండున్నరకయ్యా."

"మరి పదిన్నరకే ఈ నిప్పేమిటి?"

మస్తానమ్మ గరిటె పక్కన పెట్టింది. "నూట నలభై మందికి అన్నం ఉడకొద్దా అయ్యా? మీ ఇంట్లో అమ్మగారు కంచం ముందు కూచున్నాక ఎసరు పెడతారా?"

"మా ఇంటి ఎసరు ప్రభుత్వ పరిధిలోకి రాదు. ఇక్కడ ఏ కార్యక్రమానికి ఏ వేళ నిర్ణయమైందో, ఆ వేళకే ఆ కార్యక్రమం ప్రారంభం కావాలి."

మర్నాడు పన్నెండున్నరకు పొయ్యి వెలిగించారు. పెద్ద గాడిపొయ్యిలు నాలుగూ ఒకేసారి మండించినా అన్నం ఒకటిన్నరకు దిగింది. అది ఆలస్యమయ్యేదే గానీ, పని పూర్తయిన వేళే గడువు గనక, భోజన వేళను ఒకటిన్నరకు సవరించారు. అలా సవరించగానే పన్నెండున్నరకు పొయ్యి వెలిగించడం ముందస్తు చర్య అయింది. రెండో రోజు ఒకటిన్నరకు వెలిగించారు. రెండున్నరకు తిన్నారు. అయిదో రోజుకు మధ్యాహ్న భోజనం సాయంత్రం అయిదున్నరకు వచ్చింది. రాత్రి భోజనానికి అది మరీ దగ్గరగా ఉందని సంచాలకుల కార్యాలయం గమనించి, రెండు భోజనాలను సమన్వయం చేసే అవకాశాన్ని పరిశీలించమని రాసింది.

ఆరో రోజు మస్తానమ్మ పదిన్నరకు పొయ్యి వెలిగించింది. యజ్ఞనారాయణ గారు అడిగితే, "మీకు టీ అయ్యా. తనిఖీ అధికారికి టీ పదిన్నరకని మీ కాయితంలోనే ఉంది గదా," అంది.

"నాలుగు పొయ్యిల మీద టీయా?"

"మీరు పెద్ద ఆఫీసరు గదయ్యా."

ఆయన కాగితం తీసి చూసుకున్నారు. టీ వేళ పదిన్నర అని ఉంది. పొయ్యిల సంఖ్య లేదు. ఆ రోజు నుంచి పిల్లలు పన్నెండున్నరకు తింటున్నారు. ఆయన వచ్చినా రాకపోయినా రోజూ పదిన్నరకు ఆయన టీ తయారవుతోంది.

ఇంజను విషయంలో మాత్రం అంత తేలికగా పోలేదు. ఫిబ్రవరి మొదట్లో సంచాలకులు ఆమోదించిన 'సమయనిష్ఠ' మాడ్యూల్ వచ్చింది. దాని ప్రత్యేకత, పిస్టన్ పైకొసకు సరిగ్గా చేరిన క్షణంలోనే నిప్పురవ్వ వదలడం. మెకానిక్కు పాతది విప్పి దీన్ని బిగించాడు. పాతదాన్ని నేను పాత గుడ్డలో చుట్టి పానాల పెట్టెలో పెట్టాను.

మస్తానమ్మ పదకొండుసార్లు తాడు లాగింది. పన్నెండోసారి ఇంజను అందుకుని, దగ్గు ఆగని ముసలాయనలా కొట్టుకుంది. పావుగంటకు పొగగొట్టం ఎర్రబడింది. నీళ్ళు పైపులో కొండవాలు సగం దాకా ఎక్కి, అక్కడ నిలబడి, ఇక పైకి రాలేదు.

యజ్ఞనారాయణ గారు లైటు పట్టారు. తెల్ల గీత ముల్లుకు ఎదురుగా నిలబడింది. ఆయన కళ్ళు చెమర్చాయి.

"చూశారా మాస్టారూ! ఎంత నిష్ఠగా ఉందో!"

"నీళ్ళు ఎక్కడం లేదు సార్."

"నీళ్ళు నా పరిధి కాదు. వేళ నా పరిధి."

"ఆరింటికి టాంకు నిండకపోతే హాస్టలు మూసేస్తారు సార్. పరీక్షలకు నెల కూడా లేదు."

"నిండాలి. అది వేళకు సంబంధించిన విషయం గనక అది నా పరిధే." ఆయన అక్కడే నిలబడి ఉత్తర్వు రాయించారు. పద్దెనిమిదో తేదీ ఉదయం ఆరు గంటలకు తుది తనిఖీ. అప్పటికి టాంకు నిండి ఉండాలి. లైటు పట్టినప్పుడు తెల్ల గీత ముల్లుకు ఎదురుగా ఉండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా అదే రోజు హాస్టలు మూసి పిల్లలను స్వస్థలాలకు పంపాలి.

ఆ పది రోజులూ పిల్లలు బడికి ముందు ఒకసారి, తరవాత ఒకసారి బిందెలతో కొండ దిగి ఎక్కారు. వార్త ఎలా పొక్కిందో, ఒక పొగాకు మేస్త్రీ ఆటోలో హాస్టలు గేటు దగ్గరికి వచ్చి, మూసేది ఎప్పుడని అడిగాడు. "తేదీ ఖాయంగా చెబితే బండి పంపిస్తా సార్. ముప్పయ్ మందైనా తీసుకుంటా," అన్నాడు. పదో తరగతి తిరుపతమ్మ బిందె దించుకుని అతని మాట విన్నది.

"సారూ, పుస్తకాలు సర్దుకోమంటారా?" అని నన్ను అడిగింది.

నేను ఆ బిందె ఎత్తుకున్నాను. నాకు తెలియనిది తెలిసినట్టు చెప్పే అలవాటు లేదు.

పదిహేడో తేదీ సాయంత్రం మస్తానమ్మ అటక మీది తెల్లరంగు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆ అయ్య చూసేది ఏ గీత సారూ?"

"తెల్లది."

"నీళ్ళు తోడేది ఏ గీత?"

"ఎర్రది."

"మరింకేంది?" అని, డబ్బా అక్కడే వదిలి, ఎసరు చూసుకోవడానికి పోయింది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకు చూసింది చూసినట్టు రాయమని చెబుతున్నాను. ప్రయోగంలో జవాబు తప్పు వస్తే తప్పే రాయమంటాను. చీకటి పడ్డాక డబ్బా తీసుకుని బావి దగ్గరికి వెళ్ళాను. తరవాత బ్లేడుతో తెల్ల గీత గీకేశాను. ఎర్ర గీతను గీకలేదు. ఇందుమతి ఆ గోళ్ళరంగును గోళ్ళకు ఎప్పుడూ వేసుకోలేదు. పానా పట్టేవాళ్ళ చేతి మీద రంగు రెండు రోజులైనా నిలవదనేది. ఆ గీత మీద తెల్లరంగు పూశాను. ఎరుపు పైకి కనిపించింది. ఇంకో పూత వేశాను.

పాత మాడ్యూల్ బిగించాలి. అది చక్రానికి తగలకూడదు, దూరంగానూ ఉండకూడదు. మధ్యలో కొంచెం సందు వదలాలి. దాని కోసం ఇందుమతి ఒక పాత పోస్టుకార్డు వాడేది. అది అరిగి చిరిగిపోయింది. నా సంచిలో వెతికితే కవరు దొరికింది. అందులోని ఉత్తరం వచ్చినప్పటిలాగే మూడు మడతలతో ఉంది. చక్రానికీ మాడ్యూల్‌కూ మధ్య పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. మరలు బిగించి, ఉత్తరం లాగేశాను. ఒక మూలకు నూనె అంటింది.

మర్నాడు నాలుగున్నరకు మస్తానమ్మ తాడు లాగింది. ఒక్క లాగుకే అందుకుంది. అయిదూ నలభైకి యజ్ఞనారాయణ గారి జీపు వచ్చి, బావికి పది గజాల దూరంలో ఆగింది. ఇంజను గట్టిగానే మోగుతోంది. ఆరు దాకా ఆయన తనిఖీలో లేరు గనక ఆ శబ్దం ఆయనకు వినపడలేదు. ఆరింటికి దిగారు. సరిగ్గా అప్పుడే కొండ మీద పిల్లలు అరిచారు. టాంకు పొర్లి గోడ మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. 'ముందూ కాదు, వెనకా కాదు' తడుస్తోంది.

ఆయన లైటు పట్టారు. తెల్ల గీత ముల్లుకు ఎదురుగా నిలబడింది.

"నిప్పురవ్వ ఎక్కడ పడుతోంది మాస్టారూ? మీ నోటితో చెప్పండి."

"తెల్ల గీత దగ్గర సార్."

"ఒక్క వెంట్రుకవాసి అయినా అటూ ఇటూ?"

"లేదు సార్."

"మొదటి రోజు అంత మొండిగా ఉన్న ఇంజను! క్రమశిక్షణ అలవడటానికి దానికి పది రోజులు పట్టింది. అంతే." ఆయన ఇంజను మీద చెయ్యి వేసి నిమిరారు. వేడికి వెంటనే చెయ్యి తీశారు. "ఇది ఒక సర్టిఫికెట్ మీద రాసివ్వండి."

'ఈ ఇంజను వేళకు పనిచేస్తున్నది' అని రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం రాయడానికి నాకేమీ ఇబ్బంది కలగలేదు.

జిల్లాలో మిగతా పదహారు హాస్టళ్ళలో సమయనిష్ఠ మాడ్యూళ్ళు పెట్టిన ఇంజన్లు నీళ్ళు ఎక్కించడం లేదని తెలిసింది. మా పద్ధతికి 'చింతలవాగు ప్రమాణం' అని పేరు పెట్టి, దాన్ని అన్నిచోట్లా అమలు చెయ్యమని ఉత్తర్వు వేశారు. సాంకేతిక సలహాదారుగా మస్తానమ్మను డెప్యుటేషన్ మీద పంపారు. రంగు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆమె జీపు ముందు సీట్లో కూర్చుంది.

"వేళ కాకముందు దించబాకయ్యా నన్ను," అని డ్రైవరుతో అంటుంటే విన్నాను.

ఉత్తరం ఇప్పుడు పానాల పెట్టెలో ఉంటుంది. మస్తానమ్మతో పదహారు ఊళ్ళకూ వెళ్ళి వచ్చింది. మడతల దగ్గర నలిగింది గానీ సందు ఇంకా సరిగ్గానే వస్తోంది. చక్రం మీది తెల్లరంగు ఇంజను వేడికి పెళుసై, అంచుల్లో ఎరుపు బయటపడుతుంది. వారానికి ఒకసారి పైన పూత వేస్తున్నాను.

రోజూ నింపవలసిన పట్టిక ఒకటి ఇచ్చారు. నీళ్ళు అందిన వేళ రాయడానికి అందులో ఒక గడి ఉంది. ఆరు అని రాస్తాను. మొదలుపెట్టిన వేళ రాయడానికి గడి లేదు. ఇప్పుడు పరీక్షలు జరుగుతున్నాయి. నాలుగింటికే మొదలుపెడుతున్నాం.